తమ వాక్యానికి తామే పూచీపడిన విదుషీమణి

1991 జూలై 8, సోమవారం నాడు మన పరిశోధన సంస్థలో సహాయ పరిశోధకురాలిగా ప్రవేశించిన ఆ విదుషీమణికి దక్కినది మెట్ల కింది ఇరుకు గది. వాతావరణ మార్పు, వలసలు, పాలన కుదురుకోని దేశాల్లో ప్రజల భద్రత, ఈ మూడింటి నడుమ సంబంధాన్ని శోధించడం వారు స్వీకరించిన కార్యం. గ్రంథాలయంలో కూర్చుంటే అది సాగదని, సరిహద్దుకు ఆవలి కరవు పల్లెలకు వెళ్లి, తాడుకు రాయి కట్టి బావుల లోతు కొలిచేవారు. ఆ ఊరి బడి హాజరుపట్టీలు తిరగేసేవారు. నీళ్లు అడుగంటిన కొన్ని నెలలకే పట్టీలో పిల్లల పేర్లు తరిగిపోతున్నాయని తొలిసారి గుర్తించినవారు వారే. అప్పటినుంచి కార్యాలయంలో అందరికీ ‘బావుల మేడమ్’ అయ్యారు.

పదిహేడేళ్ల శ్రమ ఫలంగా వెలువడిన బృహన్నివేదికలో, తరలివచ్చేవారికి ఆశ్రయమివ్వవలసిన ఆవశ్యకతను రెండు వందల పుటల్లో నిరూపించారు. ‘వీరిని ఆదుకోని పక్షంలో ఈ వలసలు భద్రతకు ముప్పుగా పరిణమించగలవు’ అని ఒకచోట రాశారు. అధికారులు ఆ వాక్యంలో మొదటి సగం వదిలేసి, రెండో సగం చూపించి, సరిహద్దు దారి మూసివేశారు.

అవతల గుడారాల్లో చిక్కుపడిన కుటుంబాల్లో ఒక మంత్రసాని ఉంది. రెండు వేసవులు మేడమ్‌గారికి తన ఇంట చోటిచ్చి, తాడు రెండో కొస పట్టుకున్న మనిషి. నానా తంటాలు పడి అనుమతి సంపాదించి వీరు వెళ్లేసరికి ఆమె జ్వరంతో కన్నుమూసి తొమ్మిది రోజులైంది. గుడారంలో కోడలొక్కతే ఉంది.

“మీరు మంచిగానే రాశారమ్మా. చదివినవాళ్లకే మేం మనుషుల్లా కనబడలేదు,” అంది.

తిరిగివచ్చి, నిండు సభలో మేడమ్‌గారు తప్పు ఒప్పుకున్నారు. “మీరు రాసిందొకటి, వాళ్లు చేసిందొకటి. మీరెందుకు మీద వేసుకుంటారు?” అని సంచాలకులు నచ్చజెప్పబోయారు.

“సాకు నేనే అందించాను కదా సార్,” అన్నారు. ఆపైన సంచాలక పదవి వెతుక్కుంటూ వచ్చినా వద్దనేశారు.

నాటినుంచి వారి ప్రతి నివేదికా అచ్చుకు ముందు, అది ఎవరి గురించి రాసినదో ఆ జనం ఎదుటే చదవబడింది. ఒక శిబిరంలో అలా చదువుతుండగా, ముందు వరుసలోని ముసలి గొర్రెలకాపరి గురక పెట్టాడు. కొడుకు సిగ్గుపడి తట్టిలేపబోతే మేడమ్‌గారు వారించి, “పడుకోనీ నాయనా! ఇది విని ఎవరికీ భయం వేయదని తేలిపోయింది,” అన్నారు. ఆ ఏడాదంతటిలో వారు నవ్వగా సహచరులు చూసినది ఆ ఒక్కసారే.

అయిదేళ్లు కమిటీల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, సాక్ష్యమిచ్చి, ఆ దారిని సగమైనా తెరిపించారు. అరవై ఒక్క కుటుంబాలు ఇవతలకు వచ్చాయి. మంత్రసాని కోడలు మాత్రం రాలేదు. అత్తగారి సమాధిని వదిలి రానని కబురు పెట్టింది.

మన సంస్థ పత్రిక ఈ సంచిక కోసం పలకరిస్తే, “గొప్పలు రాయకండి, జరిగింది రాయండి. కొత్తగా చేరేవాళ్లకి తెలియాలి,” అని వారు ఆదేశించారు, పాటించాము. పక్కనే ఉన్న వారి భర్తగారు, “ఇన్నేళ్లూ ఊళ్లు పట్టుకు తిరిగింది. ఇక కాస్త నా మాట కూడా వింటే బాగుణ్ణు,” అన్నారు.

ఆ దుఃఖాన్ని మరచిపొమ్మని వారిని కోరే చనువు మాకు లేదు. దాన్ని మోయగల ఆరోగ్యం, దాని నడుమ కంటినిండా నిద్ర, భర్తగారి చెంత నిండు నూరేళ్ల ఆయుష్షు వారికి లభించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాము.