మాస్టరు మైనపు బొమ్మైన రోజు

బట్టలు కుట్టడం మానేసి ఆరేళ్ళయినా ఆయన్ని అందరూ మాస్టరనే పిలుస్తారు. సాయంత్రం టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడంటే ఆ నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ రోజు ఇలా అందుకున్నాడు.

"మొన్న మంగళవారం పాత ఇళ్ళ మ్యూజియానికి వెళ్ళానయ్యా. మా ఆవిడ పోయాక ఇంట్లో గోడలతో ఎంతసేపని మాట్లాడను? అక్కడ పాతకాలం ఇళ్ళు ఆరు, మధ్యలో పూలతోటలు. డాక్టరు గారి మేడ, కమ్మరి ఇల్లు, మూడోది దర్జీ ఇల్లు. లోపల కుట్టుమిషను, దాని ముందు స్టూలు మీద మైనపు దర్జీ. చూడగానే ఒళ్ళు మండింది. అంగుస్తానా ఉంటుందే, సూది గుచ్చుకోకుండా నడివేలికి తొడుక్కునేది, దాన్ని తీసుకెళ్ళి బొటనవేలికి తొడిగారు. నలభై ఏళ్ళు కుట్టినవాణ్ని, చూస్తూ ఊరుకుంటానా? అడ్డంగా కట్టిన తాడు దాటి లోపలికెళ్ళి, బొమ్మని పక్కకి జరిపి, స్టూలు మీద కూర్చుని అది సరిచేస్తున్నా. ఇంతలో జనం. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చీవాట్లు పెట్టి బయటికి పంపుంటారు," అన్నాడు పక్కనే కూర్చున్న సైకిల్ షాపు అతను.

"పంపడమా? నన్నే బొమ్మనుకున్నారు. ఒకావిడ నా బుగ్గ గిల్లి, ముడతలు ఎంత బాగా తీర్చారో అంది. రెప్ప వేస్తే ఒట్టు. గంట గడిచింది, పూట గడిచింది, మూడు రోజులు గడిచాయి. తిండి లేదు, నీళ్ళు లేవు. రెండోరోజు తుమ్ము వస్తే మింగేశాను."

"మొన్న మంగళవారమైతే ఇవాళ గురువారమేగా మాస్టరూ. మూడు రోజులెక్కడివి?"

"మధ్యలో అడ్డు రాకు. ఇసకేస్తే రాలనంత జనం. మొక్కలు తొక్కేస్తారని తోటలో గులాబీలన్నీ కుండీల్లోకి మార్చి డాక్టరు గారి మేడ ఎక్కించారు. క్యూ గేటు దాటి, బజారు దాటి, రైలు పట్టాల మీదికి పోయింది, రైళ్ళు ఆపేశారు. ఆఖరికి పెద్దాఫీసరు వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఈయనకి ప్రాణముంది, ఈయన తాలూకు వాళ్ళెవరో వచ్చి తీసుకెళ్ళండని మైకులో చెప్పాడు. అంతే, మా నాన్నంటే మా నాన్నని కొట్టుకున్నారయ్యా. మా మామయ్యని ఒకడు, మా తాతయ్యని ఇంకొకడు, వెయ్యిమంది, కాదు, పదివేలమంది. కుడి చెయ్యి ఒకరు లాగితే ఎడమ చెయ్యి ఒకరు. ఎవరింటికని వెళ్ళను? అందరికీ నచ్చజెప్పి, ఒక్కణ్నే ఇంటికొచ్చేశాను."

సైకిల్ షాపు అతను పడీ పడీ నవ్వాడు. టీ కాచే అతను నవ్వలేదు. స్టవ్ మంట తగ్గించి, గిన్నె మీద మూత పెట్టి అప్పుడు మాట్లాడాడు.

"మంగళవారం సాయంత్రం ఇక్కడికి ఫోనొచ్చింది మాస్టరూ. మ్యూజియం కాపలా మనిషి చేశాడు. ఎవరో పెద్దాయన దర్జీ ఇంట్లో స్టూలు మీద నిద్రపోయాడు, మూసే వేళకి లేపితే కాళ్ళు తిమ్మిరెక్కి నడవలేకపోతున్నాడు, ఇంట్లోవాళ్ళ నంబరడిగితే ఇది చెప్పాడు అన్నాడు."

మాస్టరు గ్లాసు కింద పెట్టాడు. సైకిల్ షాపు అతను నవ్వు ఆపేశాడు.

"ఇంకే నంబరూ లేదయ్యా నాకు," అన్నాడు మాస్టరు.

"ఆయనకి మీరేమవుతారని నన్నడిగాడు. తమ్ముణ్నన్నాను. కొట్టు కట్టేసి అక్కడికొచ్చేసరికి, తిమ్మిరి తగ్గి మీరు వెళ్ళిపోయారట."

"తమ్ముణ్నన్నావా?"

"అన్నాను."

ఏ మాటనైనా ఒకటికి పది చేసి చెప్పే మాస్టరు, ఆ మాటకి ఏమీ కలపలేదు.