తాతయ్య గొంతుకు కొత్త తాళం

అమ్మమ్మ బట్టలు మడతపెడుతోంది. మనవరాలు ల్యాప్‌టాప్ మూసి వచ్చి పక్కన కూలబడింది.

“తాతయ్య గొంతు ఇక వినబడదు అమ్మమ్మా.”

“అదేంటే? నీ సర్వర్‌లో భద్రంగా ఉందన్నావుగా!”

“ఉంది. పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టాను. పెట్టిన ప్రతిసారీ తనంతట తానే కొత్త పాస్‌వర్డ్ పుట్టించుకుంటుంది. తాతయ్య మాటల రికార్డింగులు పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటాయి.”

“అయితే పాతదే కొట్టు.”

“ఎవరి కంటా పడకూడదని, నాక్కూడా కనబడకుండా కట్టుదిట్టం చేశాను. పాత సర్వర్‌తోపాటే అదీ పోయింది.”

“తాళంచెవి గూట్లో పెట్టి, ఆ ఇల్లే కూలగొట్టావన్నమాట!”

“తిట్టు అమ్మమ్మా.”

“నిన్ను తిడితే ఆయన పలుకుతారా? ఏడవకు. ఆయన మాటలన్నీ నాకు గుర్తే, చెప్తా విను. పొద్దున్నే గుమ్మంలోంచి, ‘ఏమేవ్, నా కళ్లజోడు...’”

మడతపెడుతున్న తువ్వాలు అమ్మమ్మ ఒళ్లోనే ఉండిపోయింది.

“ఆగిపోయావేం?”

“మాటలన్నీ ఉన్నాయే తల్లీ. ఎంత తలుచుకున్నా నా గొంతులోనే వినబడుతున్నాయి.”