ఐదింటి గేటు, అనసూయమ్మ పరుగు

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న మా హాస్టల్ యజమాని, ఎదురు బట్టల దుకాణం సారంగపాణి గారికి, ఆయన ముందున్న మిర్చి బజ్జీల పళ్లేన్ని ఇప్పుడే మెల్లగా పక్కకు జరిపిన వారి సతీమణి కళావతమ్మ గారికి, ఈ వీధి పెద్దలకు, ఒకటో తారీఖు నుంచి మా బాధ్యత తీసుకోబోతున్న దీప మేడం గారికి, నా తోటి అమ్మాయిలకు, అందరికంటే ముందు చెప్పాల్సి ఉన్నా అట్లా చెబితే సిగ్గుపడి వంటింట్లోకి పోతుందని చివరన చెబుతున్న మా వార్డెన్ అనసూయమ్మకు నమస్కారం.

నేను ఈరోజే ఎందుకు మాట్లాడాలో ముందే సూటిగా చెప్తాను. ఇవాళ మే ఇరవై ఎనిమిది. ముప్పై ఒకటిన పొద్దున అనసూయమ్మ ఉద్యోగం చాలించి మరిపెడలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుంది. పోతూ పోతూ గేటు తాళంచెవి యజమాని గారి చేతిలో పెడుతుంది. గోడ మీది రూలు ప్రకారం మా గేటు ఆరింటికి తెరవాలి. ఏడాదిగా అది ఐదింటికే తెరుచుకుంటోంది అంటే, అనసూయమ్మ మా వెంట వస్తుంది కాబట్టే. ఆరు దాటితే ఈ రోడ్డు ఆటోలది, బండ్లది, ఎండది. అంటే మా పరుగు ప్రాణం మొత్తం ఆ తాళంచెవికి వేలాడుతోంది. అందుకని ఇది వీడ్కోలు ప్రసంగమే కానీ చివర్లో ఒక దరఖాస్తు ఉంది. బజ్జీలు అయిపోయాయని ఎవరూ మధ్యలో లేవకండి. (నవ్వులు)

నా పేరు స్రవంతి. మాది వర్ధన్నపేట దగ్గర ఒక పల్లె. మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటి మనిషిని నేనే. డిగ్రీ అయ్యాక పోలీసు ఉద్యోగం కోచింగ్‌కని హన్మకొండ వచ్చాను. ఆ ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉంటుంది కదా, దానికోసం ఉరకడం మొదలుపెట్టాను. నోటిఫికేషన్ ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అన్నారు. అది ఇప్పటికీ రాలేదు, పరుగు మాత్రం వచ్చేసింది. ఎనిమిది వందల మీటర్లు ఉరికితే చాలన్నారు, నాకేమో ఆ ఎనిమిది వందల దగ్గర ఆగడమే చేతకాలేదు. మా అమ్మ మొగిలమ్మ, అదిగో ఆ మూలన కుర్చీ అంచు మీద కూర్చుంది, జర వెనక్కి ఆనుకో అమ్మా, ఎవలూ లేపరు, మా అమ్మ ఫోన్లో అడిగేది:

"సదువుకోమని పంపితే ఉరుకుతానవా బిడ్డా? ఎవలన్న తరుముతాండ్రా?"

"ఎవలూ తరుమతలేరే. ఊకెనే."

"ఊకెనే ఎవలన్న ఉరుకుతరా? మీ నాయినకు చెప్పకు."

నాయనకు చెప్పొద్దన్న మాటను ఆ సాయంత్రమే అమ్మ నాయనకు చెప్పింది. (నవ్వులు) ఆయన రెండు రోజులు ఆలోచించి ఒక్క మాట అన్నాడు: "వార్డెనమ్మ ఎంబడి ఉంటె ఉరుకు. లేకుంటె వద్దు."

అట్లా నేనూ, నా రూంమేట్ భవానీ అనసూయమ్మ ముందు నిలబడ్డాం. ఆమె మమ్మల్ని పైనుంచి కింద దాకా చూసి, "గేటు తీసుడు నా చేతుల పనే. గేటు అవతల మీకేమన్నయితె అది నా చేతుల లేదు. నేనూ వస్త" అంది. చీర కుచ్చిళ్లు పైకి దోపి, తాళంచెవి బొడ్లో పెట్టుకుని మా వెనక నడవడం మొదలుపెట్టింది. ఒకటే షరతు, గేటు నుంచి ఎక్కువ దూరం పోకూడదు, లోపల ఇంకా నలభై మంది పిల్లలు పడుకుని ఉన్నారు కదా. ఖిలా కోట దాకా పోదామా అంటే కళ్లెర్రజేసింది. మాకు దొరికింది ఈ బజారు చుట్టే: గేటు, బట్టల దుకాణాలు, చౌరస్తా మలుపు, కూరగాయల సందు, మళ్లీ గేటు. దూరం పరుగు అని గొప్పగా మొదలుపెట్టిన మేము గానుగెద్దుల్లా ఎడమకు తిరిగి, మళ్లీ ఎడమకు తిరిగి, ఎంత దూరం పోయినా బయలుదేరిన చోటే ఉండేవాళ్లం.

మొదటి నెలంతా ఆమె నడిచింది, మేము ఉరికాం. ఒకరోజు చౌరస్తా మలుపు దగ్గర ఉన్నట్టుండి ఆగి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓ పిల్లగాండ్లూ, స్టవ్ మీద పాలు వెట్టి మర్సిన!" అంటూ మా ఇద్దరి మధ్యలోంచి దూసుకుపోయింది చూడండి, కుచ్చిళ్లు ఒక చేత్తో, తాళంచెవి ఒక చేత్తో, మేము ఆయాసపడుతూ గేటు దాకా వచ్చేసరికి ఆమె పాలు దించి, స్టవ్ తుడిచి, మాకు టీ పెడుతోంది. ఆరోజు తెలిసింది మా వార్డెన్ నడక మనిషి కాదని. ఆ తర్వాత ఆమె నెమ్మదించినప్పుడల్లా భవాని వెనక నుంచి "అనసూయమ్మా, పాలు!" అని అరిచేది. అబద్ధమని తెలుసు. అయినా ఆ కాళ్లు ఆగేవి కావు. (నవ్వులు. అనసూయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.)

ఇక్కడొక సంగతి చెప్పాలి. అధ్యక్షుల వారు అనుమతిస్తే చెప్తాను. అనుమతించకపోయినా కళావతమ్మ గారు నిన్ననే అనుమతించారు.

అనసూయమ్మకు చిన్న వయసులోనే భర్త పోయాడు. పనికి బయలుదేరేవాళ్లకు భర్త పోయిన ఆడమనిషి ఎదురొస్తే ఆ పని చెడుతుందని నమ్మే వీధి మనది. ఎవరినో వేలెత్తి చూపడం లేదు, మా ఊరు కూడా అంతే. ఎదురొస్తే మనం ఏం చేస్తాం? ఇంట్లోకి పోయి, కాసేపు కూర్చొని, చెంబెడు నీళ్లు తాగి మళ్లీ బయలుదేరతాం. దోషం పోయింది అనుకుంటాం. ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. కానీ ఈ పద్ధతి పెట్టిన పెద్దలకు చుట్లు తిరిగి ఉరికే ఆడమనుషుల సంగతి తెలియదు.

ఆ పొద్దు సారంగపాణి గారు సరుకు కోసం హైదరాబాద్ రైలుకు బయలుదేరారు. గడప దాటగానే అనసూయమ్మ ఎదురు. లోపలికి పోయి, కూర్చొని, నీళ్లు తాగి, బయటికి వచ్చారు. మాకు అప్పటికి ఒక చుట్టు పూర్తయింది. అనసూయమ్మ ఎదురు. (నవ్వులు) మళ్లీ లోపలికి, మళ్లీ నీళ్లు, మళ్లీ బయటికి, మళ్లీ ఎదురు. మేము పరుగు ధ్యాసలో ఏమీ గమనించలేదు, ఈయన ఎందుకో ఊకె లోపలికి బయటికి తిరుగుతున్నాడు, ఈయన కూడా వ్యాయామం మొదలుపెట్టాడేమో అనుకున్నాం. నాలుగో చెంబు అయ్యేసరికి కాజీపేటలో రైలు వెళ్లిపోయింది. ఆయన గేటు ముందుకు వచ్చి నిలబడి, "వార్డెనమ్మా, నువ్వు ఒక్కదానివేనా, ముగ్గురున్నరా? ఎటు పోయినా నువ్వే వస్తవు!" అన్నారు.

మేము నవ్వాం. అనసూయమ్మ నవ్వలేదు. చేతులు జోడించి "తప్పయింది సేటూ, రేపటి నుంచి రాను" అంది. మర్నాడు గేటు తెరవలేదు. ఆ మర్నాడూ తెరవలేదు. నేను వంటింట్లోకి పోయి కొట్లాడాను. "ఆయనది తప్పు గాదు బిడ్డా, నాకు అలవాటే" అంది. అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చింది. మా పరీక్షల రోజు పెరుగులో చక్కెర కలిపేది ఆమె, దాన్ని తెచ్చి మా చేతిలో పెట్టేది మాత్రం భవాని. మేము గేటు దాటేదాకా ఆమె వంటింటి తలుపు వెనకే ఉండేది. కూరగాయలకు పోవాలన్నా వెనక దర్వాజ నుంచే పోయేది. ఇన్నేళ్లు ఇదే హాస్టల్లో ఉండి పొద్దుటి పూట ముందు గేటు దాటింది మాతో ఉరకడానికి వచ్చినప్పుడేనట. ఐదింటికైతే చీకటే ఉంటుంది, ఎవరికీ ఎదురు కాను అనుకుందట పాపం.

మూడో రోజు కళావతమ్మ గారు ఒక గిన్నెలో పాయసం పట్టుకుని మా వంటింట్లోకి వచ్చారు. ఆమె మాటలు ఆమె గొంతుతోనే చెప్తాను, తప్పయితే అక్కడి నుంచే దిద్దండమ్మా: "మా ఆయన కడుపుల రాయున్నది. డాక్టరు నెల రోజుల సంది నీళ్లు తాగు, నీళ్లు తాగు అని మొత్తుకున్నా తాగిండా? నువ్వు ఒక్క పొద్దుట్ల నాలుగు చెంబులు తాగిచ్చినవు. రాయి పడ్డది! రేపటి సంది ఉరుకు అనసూయా. ఆయనకే ఎదురు ఉరుకు." (చాలాసేపు నవ్వులు. అధ్యక్షుల వారు నీళ్ల గ్లాసు ఎత్తి చూపించారు.)

అప్పటి నుంచి సారంగపాణి గారు రోజూ పొద్దున అనసూయమ్మ ఎదురవగానే లోపలికి పోయి నీళ్లు తాగుతున్నారు. ఎదురొచ్చినందుకా, రాయి కోసమా అని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

నవ్వుకున్నాం, బాగుంది. కానీ ఉరుకుతున్నప్పుడు మాట్లాడటానికి ఊపిరి ఉండదు కాబట్టి ఆలోచనలు ఎక్కువ వస్తాయి. ఆ రాయి పడకపోయి ఉంటే? ఒక మనిషి తెల్లవారి తన వీధిలో తాను తిరగడానికి ఇంకొకరి కడుపులో రాయి పడాలా? ఈ మాట ఎవరినీ నొప్పించడానికి అనడం లేదు. ఏడాదిగా నా వెంట చుట్టు చుట్టుకూ తిరిగిన ప్రశ్న ఇది, ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ అనలేను.

(అధ్యక్షుల వారు నీళ్ల గ్లాసు కింద పెట్టారు.)

సరే, జనవరి సంగతికి వస్తాను. మన ఊళ్లో పెట్టిన పరుగులో నేనూ భవానీ ఇరవై ఒక్క కిలోమీటర్లకు, అనసూయమ్మ పది కిలోమీటర్లకు పేర్లిచ్చాం. జెండా ఊపారు. మొదటి చౌరస్తాలో అందరూ నేరుగా పోతే మా భవాని ఎడమకు తిరిగింది. (నవ్వులు) దాని తప్పేం లేదు, నెలల తరబడి ఎడమకే తిరిగిన కాళ్లు అవి. నా కాళ్లు కూడా తిరగబోయాయి, భవాని ముందే తిరిగింది కాబట్టి నేను బతికిపోయాను. విజిల్ ఊదుతూ ఒకతను వెంటబడి దాన్ని వెనక్కి తెచ్చాడు. "ఎవలన్న తరుముతాండ్రా" అని మా అమ్మ అడిగిన ప్రశ్నకు ఆరోజు జవాబు దొరికింది.

చివరి మూడు కిలోమీటర్ల దగ్గర నా పని అయిపోయింది. పిక్కలు పట్టేశాయి. రోడ్డు పక్కన ఒక రాయి కనబడింది, దాని మీద కూర్చుంటే ఇక లేవనని నాకు తెలుసు. అయినా దానివైపే నడుస్తున్నాను. అప్పుడు చూశాను, తన పది కిలోమీటర్లు ముగించుకుని, మెడలో పతకంతో, మమ్మల్ని వెతుక్కుంటూ అనసూయమ్మ ఎదురుగా వస్తోంది. నన్ను చూసింది. చూసి, గబుక్కున పోయి అక్కడ ఆగి ఉన్న అంబులెన్స్ వెనక దాక్కుంది.

నాకు అర్థమైంది. నా పరుగు ఇంకా అయిపోలేదు కదా. నాకు ఎదురు రాకూడదనుకుంది.

అంత ఏడుపు, అంత కోపం నాకు జన్మలో రాలేదు. "అనసూయమ్మా! దాక్కోకు! ఎదురు రా! నాకు నువ్వే ఎదురు రావాలె!" అని రోడ్డు మీద అందరూ చూస్తుండగా అరిచాను. ముందు అంబులెన్స్ వెనక నుంచి కొంగు కనబడింది. తర్వాత మనిషి కనబడింది. మెల్లగా రోడ్డు మధ్యకు వచ్చి, నా ఎదురుగా నిలబడి, నా మొహం చూసి, కళ్లు తుడుచుకుని ఆమె అన్న మాట ఏంటో తెలుసా?

"స్రవంతీ, పాలు!"

ఉరికాను. (చప్పట్లు) ఆ చివరి దూరం ఎట్లా పోయానో నాకు గుర్తులేదు. పతకం తీసుకుంటున్న ఫోటోలో నాదీ అనసూయమ్మదీ, ఇద్దరి మొహాలూ ఏడుపుతో ఉన్నాయి. ఆ ఫోటో చూసి మా నాయన "పోలీసోళ్లు కొట్టిండ్రా బిడ్డా?" అని అడిగాడు.

ఇప్పుడు దరఖాస్తు. సారంగపాణి గారూ, కొత్త వార్డెన్ గారి కాలంలో కూడా గేటు ఐదింటికే తెరవనివ్వండి. దీప మేడం, మీరు ఉరకక్కర్లేదు. తాళం తీసి మళ్లీ పడుకున్నా మాకు అభ్యంతరం లేదు. మరి మా నాయన అడిగే పెద్దదిక్కు ఎవరంటారా? కళావతమ్మ గారు పోయిన వారమే కాన్వాస్ బూట్లు కొన్నారు. (నవ్వులు) అధ్యక్షుల వారికి ఈ సంగతి ఇప్పుడే తెలిసినట్టుంది. ఫికర్ చేయకండి సార్, రైలు వేళలో ఆమెను మీకు ఎదురు రానివ్వం.

జవాబు ఇప్పుడే వద్దు. ఆలోచించుకోండి. ముప్పై ఒకటిన పొద్దున ఏడింటికి అనసూయమ్మకు మరిపెడ బస్సు. ఆరోజు ఆమె వెనక దర్వాజ నుంచి పోదు. ముందు గేటు నుంచి, మా అందరి మధ్యలోంచి, సంచి పట్టుకుని పోతుంది. ఒప్పించడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. మీ దుకాణం ఎదురుగానే ఉంది. ఆ పొద్దు షట్టర్ ఎత్తకముందే రోడ్డు దాటి, మీరే ఆమెకు ఎదురు రండి. అవునన్నా, కాదన్నా ఆమె మొహం చూసి చెప్పండి. బయలుదేరే మనిషికి మంచి ఎదురు కావాలి కదా. చెంబుతో నీళ్లు మేం సిద్ధంగా ఉంచుతాం, తాగితే రాయి కోసమే అనుకుంటాం.

అనసూయమ్మా, మరిపెడలో మీ చెల్లెలి టిఫిన్ సెంటర్‌లో నిన్ను పెనం ముందు నిలబెట్టాలని చూస్తున్నారని విన్నాను. పొద్దున ఒక గంట నీ కోసం ఉంచుకో. అక్కడి రోడ్డు నేరుగా పోతుందట. ఎంత దూరమైనా పో. ఎవరు ఎదురైనా పక్కకు జరగకు.

ఇంతసేపు ఓపికగా విన్న పెద్దలకు, నవ్వి నన్ను కాపాడిన స్నేహితులకు, నన్ను ఇంత దూరం పంపిన అమ్మకు ధన్యవాదాలు. ఇక నాకు సెలవు ఇప్పించండి.

అనసూయమ్మా, నువ్వు లేవకు. పాలు భవాని చూసుకుంటుంది.