లారీ తలుపు మీద మూడు గాట్లు

ఫోటోనా? నాదా? గా లారీ తలుపు పక్కన నిలవడాల్నా? వద్దు బిడ్డా, వద్దు. మొఖం చూడు ఎట్లున్నదో, పొద్దుగాల్నుంచి దుమ్ము దులుపుతనే ఉన్న. గా క్రేనాయన ఎన్నిటికి వస్తనన్నడు? పదకొండింటికా? ఇప్పుడెంతయింది? ఔ, ఇంక గంట కూడ లేదన్నట్టు. నువ్వు కూసో మేఘనా, గా స్టూలు మీద కూసో, మీ తాత చేసిందే అది, ముప్పై ఏండ్లయినా ఊగదు. నేను నిలవడే ఉంట తియ్యి. నాకు ఇయ్యాల ఒక్క జాగల కూసోబుద్ధి అయితలేదు.

ఏమన్నవ్, బోర్డు రాస్తరా? ఎవరు, లారీ తీస్కపోయే విద్యాసాగర్ సారా? పాత బండ్లన్ని జమచేసిన జాగల దీన్ని నిలవెట్టి, పక్కన బోర్డు మీద ఏమని? "ఒక వడ్రంగి మేస్త్రి పదకొండేండ్లు కష్టపడి కట్టిన లారీ. ఆయన పానం మీదికొస్తే పాలిష్ పనిచేసే శంకరమ్మ బాడిశతోని తలుపు పలగ్గొట్టి బయటికి గుంజింది." గిట్లనా? వద్దని చెప్పు. ఫోను చెయ్యి, ఇప్పుడే చెప్పు. లేదు, ఆగు, ముందుగాల నేను చెప్పేది విను. క్రేను వచ్చేలోపట నీకొకటి చెప్పాలె. మీ నానమ్మకు చెప్పలే, మీ నాయినకు చెప్పలే. చెప్త, జర నీళ్ళు తాగనియ్యి.

మీ తాతను నువ్వు చూడలే. నువ్వు పుట్టకముందే పోయిండు. మనోహరాచారి అంటే నాంపల్లి టేసను ఎనుక గల్లీలన్నిట్ల ఎరుకే. ఆబిడ్స్‌ల ఎన్ని దుకాండ్లకు కౌంటర్లు చేసిండో, ఎన్ని అల్మారలు చేసిండో. ఆయన చేసిన అల్మార తలుపు మూస్తే హుఫ్ అని లోపటి గాలి బయటికి వచ్చేది, గంత బిర్రుగ కూసునేది. గిరాకీలు ఆ సప్పుడు కోసమే రెండుసార్లు తెరిచి మూసేది. నేను అప్పుడు ఊరికెల్లి కొత్తగ వచ్చిన. మా ఆయన టేసన్ల హమాలి. నేను గీ కార్ఖానల ఎమరీ కాయిదం పట్టి చెక్క రుద్దుడు, లక్క పాలిష్ ఏసుడు. ఇగో చూడు నా చేతి ఏళ్ళు, ముద్ర పడదు. మొన్న రేషన్ దుకాన్ల మిషిన్ మీద ఏలు పెడితే "అమ్మా, నీకు ఏలిముద్రనే లేదు" అన్నడు పిలగాడు. చెక్క తిన్నది నాయినా అన్న.

ఏం చెప్తున్న? ఆఁ, లారీ. వడ్లోళ్ళ చేతులు ఊకుండయి బిడ్డా. పొద్దంత చెక్కతోని కొట్లాడి, పని అయిపోయినంక ఇంకోటి పట్టుకుంటయి. ఎదురుంగ ప్రసన్నకుమార్ మేస్త్రి ఉండె, ఆయనకు పావురాలు. మంచాలు చేసిన చెక్క మిగిల్తె పావురాలకు మిద్దెలు కట్టేటోడు, మెట్లతోని సహా. ఆయన తమ్ముడు చెడిపోయిన రేడియోలన్ని తెచ్చి ఇప్పి, మల్ల బిగిచ్చేది, ఒక్కటి పాడేది కాదు. మీ తాతకు మాత్రం బండ్లు. ముందుగాల ఒక స్కూటర్, ఆ తర్వాత ఒక డొక్కు కారు, ఆఖరుకు ఇది. మిలిట్రీ వాళ్ళు హర్రాజుల అమ్మితె, ఎద్దులబండికి కట్టి తెచ్చిండు. నిజంగనే ఎద్దులతోని గుంజిపిచ్చిండు! గల్లీ గల్లంత నవ్వింది. మీ నానమ్మ పద్మక్క గడపల నిలవడి, "ఏందయ్యా ఇది, పీనుగా పెండ్లికొడుకా?" అన్నది. "చూస్తుండు, నిన్ను దీంట్ల కూసోవెట్టి మొజంజాహీ మార్కెట్ తీస్కపోయి ఐస్‌క్రీమ్ తినిపిస్త" అన్నడు. "నా పండ్లు ఊడకముందే తినిపియ్యి" అన్నది.

పదకొండేండ్లు పట్టింది. నుమాయిష్ స్టాళ్ళు కట్టే దినాలల్ల ముట్టేటోడు కాదు, అవి అయిపోంగనే మల్ల దీని కిందికి దూరేది. కోఠీల పాత పుస్తకాలు అమ్మేటోళ్ళ దగ్గర ఇంగిలీషు బుక్కొకటి తెచ్చిండు, ఇంజను బొమ్మలున్నది. చదువ రాదు. బొమ్మ చూసుడు, విప్పుడు, గాసునూనెల కడిగి పేపర్ మీద వరుసగ పెట్టుడు. ఒక్కోసారి బిగిచ్చినంక రెండు నట్లు మిగిలేవి. "మేస్త్రి, ఇవెక్కడియి?" అంటే, "అవి కంపెనోళ్ళు ఎక్కువ ఏసిన్రు శంకరమ్మా" అనేటోడు. ఇనుము పని గట్లనే ఉండె గని, చెక్క పని మాత్రం... దా, ఇటు దా, చెయ్యి పెట్టి చూడు. క్యాబినంత టేకు. ఒక్క మొల లేదు, ఒక చెక్కల ఇంకో చెక్క కూసుంటది. ఎన్కట లారీలకు క్యాబిను చెక్కతోనే కట్టేది గని, గిట్ల ఎవరు కట్టిన్రు? గేరు కడ్డి మీది చెక్క గుండు చూసినవా, ఎంత నున్నగ ఉన్నదో, అది నేను పాలిష్ చేసిందే. తలుపు కూడ నేనే. ఏడు సార్లు రుద్దిన.

అగో, సప్పుడు. వచ్చినట్టున్నడు. చూసొస్త... కాదు, చెత్త బండి. కూసో, కూసో.

తలుపు సంగతి చెప్తున్న గదా. ఆ తలుపు మీ తాత మంచి ఎండల, రోహిణికార్తెల బిగిచ్చిండు. అల్మార లెక్కనే. నూలు పోగు దూరే సందు లేదు. హుఫ్ అని గాలి. అందరు చూసి వహ్వా అన్నరు. పద్మక్కను ఎక్కిచ్చుకోని, నన్ను ఎన్కల డబ్బాల కూసోమన్నడు, పోయినం మార్కెట్‌కు. గల్లీలోళ్ళు మొజంజాహీ దాక ఉరికొచ్చిన్రు, ఆగిపోతె దొబ్బుదామని. ఆగలే! మార్కెట్ గడియారం కింద నిలవెట్టిండు. అప్పుడే తొలకరి. జల్లు పడ్డది, ఒక పావుగంట. చూస్తే ఏముంది, తలుపు రాదు. ఉబ్బింది. ఆ పక్క తలుపు రాదు, ఈ పక్కది రాదు. మీ తాత భుజంతోని దొబ్బుతున్నడు, నేను బయట గుంజుతున్న. పద్మక్క లోపట్నుంచి, "ఐస్‌క్రీమ్ తినిపిస్తనని తెచ్చి అల్మారల పెట్టి మూసినవ్ గదయ్యా నన్ను" అని ఒక్కటే నవ్వుడు. ఐస్‌క్రీమ్ దుకానాయన కిటికిల నుంచే కప్పు ఇచ్చిండు. అంత పెద్ద మనిషి, మీ తాత, చెవులు ఎర్రగయినయి. ఆమెమో నవ్వుకుంట సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నది. కాదు కాదు, మామిడిది. తొలకరిల సీతాఫలం ఏడికెల్లి వస్తది.

ఇంటికి వచ్చినంక పద్మక్క చెప్పింది, "జర రందా పట్టు గా అంచుకు, నూలంత తియ్యి, రెండు నిమిషాల పని" అని. నేనే చెక్క గీకే రందా తెచ్చి చేతికిచ్చిన. తీసుకోలే. "వానల గీకిన తలుపు ఎండల పండ్లికిలిస్తది" అన్నడు. నిజమే బిడ్డా, అది వడ్లోళ్ళందరు చెప్పేదే. ఉబ్బినప్పుడు గీకితె, ఎండినంక సందు పడ్తది. చెక్క ఎండేదాక ఆగాలె. "ఎవరన్న ఆ తలుపు ముట్టిన్రంటే చెయ్యి ఇరుగుతది" అన్నడు. నా దిక్కు చూసే అన్నడు, ఎందుకంటె నా చేతిలనే ఉన్నది రందా. పెట్టేసిన. ఆయన మాట నాకు ఎట్లంటే, ఇరవై ఏండ్ల సంది గీకుమంటె గీకుడు, ఆగుమంటె ఆగుడు. అడిగేది లేదు.

అప్పటి సంది దినాం అదే ఆట. గోడ దిక్కు తలుపు ఎట్లా తెరువరాదు, గోడకు ఆనిచ్చి నిలవెట్టిండు గదా. ఈ దిక్కుదే. ఆయన లోపటికి పోయి ధడేల్‌మని మూసుకునేది, ఏదో బిగిచ్చుకునేది, "శంకరమ్మా!" అని పిలిచేది. నేను పోయి హ్యాండిల్ గుంజుడు, ఆయన లోపట్నుంచి భుజం పెట్టి దొబ్బుడు. ఇద్దరు పెట్టాలె బలం. ఒక్కరితోని రాదు. అర్థమైతుందా? ఒక్కరితోని రాదు.

నీళ్ళియ్యి. గా బాటిలు.

ఆ దినం నాలుగు దినాల ముసురు. పద్మక్క మార్కెట్‌కు పోయింది. కార్ఖానల ఇంకెవ్వరు లేరు, పని లేదని పంపిచ్చిండు. రేకుల మీద వాన, మనిషి మాట మనిషికి వినవడదు. నేను మూలకు కూసోని కుర్చీ కాళ్ళు రుద్దుతున్న. "శంకరమ్మా" అన్నడు. మెల్లగ అన్నడు. పోయిన. హ్యాండిల్ పట్టుకోని గుంజుతున్న, లోపట్నుంచి బలం లేదు. "దొబ్బు మేస్త్రి" అంటున్న. దొబ్బుతలేడు. కిటికిలకెల్లి చూస్తె చాతి మీద చెయ్యి పెట్టుకోని ఉన్నడు, అంత చెమట. గా కిటికి చూసినవ్ గదా, చెయ్యి పడ్తది, మనిషి పట్టడు. గుంజిన, కాలు పెట్టి గుంజిన, రాలే. అప్పుడు బాడిశ తెచ్చిన. బాడిశ అంటే అగో ఆ కొంకి లెక్క ఉన్నది, చెక్క చెక్కేది. హ్యాండిల్ పక్కన కొట్టిన. ఒక్కటి.

ఇదే కథ మీ నాయిన చెప్పిండు కద నీకు? శంకరమ్మ ధైర్యం చేసింది, తలుపు పలగ్గొట్టింది, భుజం మీద ఏసుకోని ఆటో దాక తీస్కపోయింది. దినాలనాడు పద్మక్క నా రెండు చేతులు పట్టుకోని "నీ అసొంటి మనిషి లేదే" అన్నది, మందిల. కొత్త చీర పెట్టింది. ఆ చీర నేను కట్టలే. మడత ఇప్పలే.

చెప్తున్న, ఆగు. చూస్త బయట... ఎవరు లేరు. ఇగ చెప్త.

ఒక్కటి కొట్టిన గదా. లోపట్నుంచి మీ తాత అన్నడు, "ఏయ్, కొట్టకు. తలుపు ఖరాబైతది. ఆగు, జర ఎండ రానీ, అదే వస్తది." గంతే అన్నడు. నేను ఆగిన.

ఆగుమంటె ఆగిన బిడ్డా. బాడిశ దించిన. ఆయన దిక్కు చూడలే, గాటు దిక్కు చూసిన. ఏడు సార్లు రుద్దిన తలుపు. బొటనేలు పెట్టి తడిమిన, ఎంత లోతు పోయిందో. లేసిన పేడు కింద పడ్డది, ఏరుకున్న, నీళ్ళల్ల తడ్వకుంట కొంగున కట్టుకున్న. మల్ల అతికియ్యొచ్చు కదా అని. సన్నటి చెక్క పొట్టు, సరేసు జిగురు కలిపి పూడిస్తె రంగు కలుస్తదా, ఎర్ర పొట్టు పట్టాల్నా, పచ్చ పొట్టు పట్టాల్నా అని... గిది ఆలోచన చేస్తున్న నేను. లోపట మనిషి పోతుంటె, నేను గాటుకు రంగు కలుపుతున్న మనసుల. ఎంతసేపు? నాకు ఎరుక లేదు. తల లేపి చూసేసరికి ఆయన తల స్టీరింగ్ మీద ఉన్నది. అప్పుడు కొట్టిన. ఇగ ఎవరు ఆగుమన్నా వినకపోతుంటి గని, ఆగుమనేటోడు లేడు.

దవాఖానల డాక్టరు, "జర ముందుగాల తేవాల్సింది" అన్నడు. అందరితోని అంటడేమో అట్ల. ఉండొచ్చు. జర అంటే ఎంత? ముప్పై ఏండ్ల సంది అదే అడుగుతున్న, ఎవర్ని అడగాల్నో తెల్వక.

ఏం మాట్లాడకు. నువ్వు ఏమన్న అంటవని కాదు నేను చెప్పింది. "నీ తప్పేముంది శంకరమ్మా" అంటవు, ఎరుకే నాకు. బోర్డు మీద అబద్ధం రాయొద్దని చెప్పిన. ఇటు దా. ఇగో, ఈ గాటు చూడు, పైపైన పోయింది. ఇది మొదటిది. ఇగో ఈ రెండు చూడు, అటు దిక్కు వెలుతురు కనవడ్తుంది. మొదటిదానికి, వీటికి నడుమ జానెడు జాగ లేదు. ఫోటో తియ్యాల్నంటే గీ జానెడు తియ్యి, నన్నెందుకు.

చెయ్యి పట్టు. అరే, భయమెందుకు, పేడే. ఆ దినం కొంగున కట్టింది. పెట్టి చూడు మొదటి గాటుల, ఎట్ల కూసుంటదో. కూసున్నదా? మిగతా రెండిటియి లేవు. అవి ఏడపడ్డయో నేను చూడలే.

అగో హారన్. ఈసారి క్రేనే. లెవ్వు బిడ్డా, పోయి చెప్పు, తాడు తలుపుకు కట్టొద్దను, కింద ఇనుముకు కట్టుమను. తలుపు నేనే ఏస్త. ఎండకాలం గదా, ఒక్క ఏలితోని వస్తది. ఇగో.

విన్నవా గాలి?