సుల్తాన్ నోట్ల తెచ్చిన పిల్ల

"అమ్మమ్మా, మన కుక్క బ్రూనో చెప్పును తెచ్చి నీ ఒళ్లె పెడితే గంతగనం వణికినవేంది?"

వణకనా మరి, పాత ముచ్చట యాదికొచ్చింది! జర మంచినీళ్లియ్యి ముందుగాల. తిట్టకే దాన్ని, దాని తప్పేం లేదు. దాని జాతే గది. తెచ్చి చేతిల పెట్టుడు.

మీరు గిప్పుడు మానుకోటల దీన్ని సోఫా మీద పండవెడుతుండ్రు గని, మా బాపుకు గిసొంటి కుక్క ఎన్నడో ఉండె, గూడూరు దిక్కు మా ఊర్ల. పేరు సుల్తాన్. బాపు దోస్తు ఒకాయన పట్నంల మిలిట్రీ ఆఫీసర్, ఆయన ఇచ్చిండు. అడివి జంతువుల ఏట ఇంకా బంద్ కాలేదు గప్పుడు. ఆయన దగ్గర పొట్టిది, చెవులు యాలాడేది ఇంకోటుండె, స్పానియల్. బాపు, ఆయన ఇద్దరు పాకాల చెరువు కాడికి అడివి బాతుల కోసం పోతుండె. స్పానియల్ పొద దూరి పిట్టను లేపాలె. తుపాకి దెబ్బకు పడ్డదాన్ని సుల్తాన్ ఎతికి తేవాలె. చలిదేశాల దొరలు గీ పనికే నీళ్ల కుక్కను, స్పానియల్‌ను, ఇంక వేరే జాతులను కలిపి, తరాల తరబడి ఏరి ఏరి గీ జాతిని పుట్టిచ్చిండ్రంట. నల్లటియి ఉంటయి సూడు, లాబ్రడార్లు, గవ్వి చేపలు పట్టెటోల్ల కుక్కలంట మొదలు. వలల నుంచి జారిన చేపను నోటితోని పట్టి తెచ్చేటియట. పల్లు మాత్రం దిగొద్దు. బాపు కోడిగుడ్డు నోట్ల పెట్టి పరీక్ష చేస్తుండె. మా అవ్వ, అంటే మా అమ్మ, తిట్టేది, ఇంట్ల పిల్లలకు లేదు గుడ్డు, కుక్కకు ఆటనా అని. గుడ్లు అగ్గువనే గప్పుడు, అయినా ఆమెకు కోపమే.

ఏడికి పోయిన? ఆఁ... ఎండకాలం. నాకు పద్నాలుగో పదిహేనో. బాపు మిర్చి అమ్మెతందుకు మానుకోటకు పోయిండు. అవ్వ వాకిట్ల మిరపకాయలు ఆరవోస్తున్నది. మా తమ్ముడు, మీ చిన్నతాతే, ఉయ్యాల్ల ఉన్నడు, పాలు తాగే పోరడు. సుల్తాన్ పెరటి దిక్కు నుంచి వచ్చి బాపు కూసునే మంచం ముందల కూసున్నడు. నోట్ల ఏందో ఉన్నది. పిల్లి అనుకున్న. అవ్వ దగ్గరికి పోయి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"అయ్యో, చిరుతపులి పిల్లనే!"

ఇడువురా అని అవ్వ గుంజింది. ఇడువడు. బాపు చేతికే ఇయ్యాలె కదా వాడు! ఇగ నేనే, బాపు చేసినట్టు, మోకాళ్ల మీద కూసోని, అరచెయ్యి చాపి, మాట్లాడకుంట మెడ కింద నిమిరిన. పెట్టిండు చేతిల. తడి తడిగ, ఒక్క గాటు లేదు. పెట్టంగనే అది ఒర్రుడు మొదలువెట్టింది. ఆ ఒర్రుడు ఇంటే తల్లి ఊకుంటదా? అవ్వ ఉయ్యాల దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. వాడకట్టోల్లు చూస్తే పిల్లను కొట్టి సంపుతరు, అప్పుడు తల్లి పిచ్చిదైతది. ఏడికెళ్లి తెచ్చిండో సుల్తాన్‌కే ఎరుక. అవ్వ పోరన్ని ఇడిసి రాలేదు. "పో బిడ్డా, పైలం" అన్నది. గంతే.

పిల్లను గంపల పెట్టి, సుల్తాన్‌కు పశువుల పలుపు కట్టి పోయిన. మా మిర్చి చేను దాటితే అడివే. వాడు మూతి నేలకు పెట్టి, వచ్చిన తొవ్వనే పట్టుకోని నన్ను గుంజుకపోయి, రెండు బండల నడుమ ఆగిండు. తల్లి చిరుత పిల్లలను ఒక తావు నుంచి ఇంకో తావుకు ఒక్కొక్కదాన్నే నోట్ల పెట్టుకోని మారుస్తదట. నాకు తర్వాత ఎరుకైంది. ఒకదాన్ని తీసుకపోయి వచ్చేలోపల వీడు ఇంకోదాన్ని ఎత్తుకొచ్చిండన్నట్టు.

పిల్లను కింద పెట్టి ఎనుకకు జరిగిన. ఇగ అప్పుడు సూడు నా బాధ! కింద పడ్డది కనవడితే సుల్తాన్ ఊకుంటడా? మల్ల తెస్తనని గుంజుడు. పలుపు నా చెయ్యి కోసింది. మీద పడి, వాని మొఖం నా ఒళ్లె దాసిన. గప్పుడే చెట్టు మీద కొండెంగ దగ్గినట్టు అరిసింది. పులిని చూస్తనే గట్ల అరుస్తది. ఇగ పిట్ట గూడ కూత పెట్టలె.

తల్లి చిరుత సప్పుడు లేకుంట బండ మీదికి వచ్చింది. నన్నే చూసింది. సుల్తాన్, గంత పెద్ద షికారి కుక్క, నా ఒళ్లెనే ఉచ్చ పోసిండు. అది కిందికి దిగి, పిల్ల మెడ పట్టుకోని, ఇగ మా దిక్కు చూడనే లేదు. పోయింది.

అయిపోయిందనుకున్నవా? పొద్దుగూకక ముందే బాపు వచ్చిండు. చెప్పంగనే తుపాకి తీసిండు. "మనిషి వాసన పట్టింది, రేపు దూడల మీదికొస్తది. ఏడనే?" అన్నడు. నేను నోరు ఇప్పలె. కొట్టెతందుకు చెయ్యి లేపి, మల్ల దించి, "నువ్వేంది చెప్పేది, సుల్తానే చూపిస్తడు" అని ఈల ఏసిండు. సుల్తాన్ ఇంట్లకెళ్లి ఉరికి వస్తున్నడు. వాడు ఆగుతడా, బాపు పిలిస్తే.

అవ్వ వాన్ని లోపలికి నూకి, తలుపు దగ్గరికేసి, పోరన్ని ఒళ్లె ఏసుకోని గడప మీద కూసున్నది. మేము గడప మీద కూసుంటే ఈపు సాఫ్ చేసే మనిషి! బాపు ముందల తల ఎత్తని మనిషి.

"దాని పిల్ల దానికి చేరింది. కుక్క రాదు" అన్నది. పోరనికి పాలిచ్చుకుంట కూసున్నది. బాపు తుపాకి గోడకు పెట్టి, కాళ్లు కడుక్కుంటనని బావి దిక్కు పోయిండు.

మా అవ్వ ఆయనకు ఎదురు చెప్పుడు నేను చూసింది గదొక్కటే. ఏడుపొచ్చింది నాకు. భయానికి కాదు, బిడ్డా, గంత మంచిగనిపిచ్చింది. నువ్వు సల్లగుండాలె తల్లీ. అడ్డం కూసోవాల్సిన దినం వస్తే, గా గుండె నీకు రావాలె... ఇగ గా నీళ్లియ్యి.