అడుగున పేరుకున్న మందు

సులోచనకు డెబ్బై రెండేళ్లు. ఏ సీసా చేతికొచ్చినా, మంచినీళ్లదైనా సరే, ఊపనిదే మూత తియ్యదు. "ఎందుకు పెద్దమ్మా?" అని అడిగాను.

గదా... అలవాటైంది బిడ్డా. బాలానగర్ల మందుల ఫ్యాక్టరీ ఉండె, అండ్ల ల్యాబుల చేస్తుంటి. హైటెక్ సిటీ అప్పుడప్పుడే లేస్తున్నది. గోపన్‌పల్లిల కిరాయికుంటుంటి. కిరాయంటే ఎంత, మీరు ఇప్పుడు ఒక్క సినిమాకు పెట్టే పైసలు. సరే, ఆ ముచ్చట ఇడిసిపెట్టు.

పక్క అర్ర యాదమ్మది. పాలమూరు దిక్కు నుంచి వచ్చిండ్రు. ఆలుమగలు ఇద్దరూ గచ్చిబౌలిల రాళ్ల పనికి పోతుండె. వాళ్ల చిన్న పొల్లకు జరమొచ్చింది. జరం మందు, అదే పారాసెటమాల్, పిల్లలకు తాగిపిచ్చేది, యాదమ్మ మా కంపెనీదే తెచ్చి పోసింది. తగ్గలే. దవాఖానల డాక్టరు, "మందు పోసినవా, పండుకున్నవా" అన్నడు. ఇగ మొగడు అందుకున్నడు. దీనికి మందు పోసుడు గూడ రాదు, పొల్లను ఊర్ల మా అమ్మకాడ ఇడుస్త అని. ఆయన సీసా ముట్టింది లేదు, చెంచా పట్టింది లేదు. తీర్పు మాత్రం ఆయనదే. యాదమ్మ ఏడ్వలే. "అక్కా, పోసిన. నువ్వన్న నమ్ముతవా?" అన్నది.

నమ్ముడు గాదు, కొలిచి చూస్త అన్న.

ల్యాబుల ఎట్ల చేస్తుంటిమంటే, సీసా మంచిగ ఊపి, జరంత తీసి, పలచగ కలిపి మిషన్లకు ఎక్కిస్తం. సన్న గొట్టంలకెళ్లి తీపి, రంగు, మందు దేనికది విడిపోయి వస్తయి. మందు వచ్చినప్పుడు కాగితం మీద గుట్ట లెక్క గీత లేస్తది. గుట్ట పెద్దగుంటే మందు ఎక్కువన్నట్టు. మా సిరప్ ఎప్పుడూ పాసే. ఎందుకు గాదు? ఊపుతుంటిమి గద.

ఒక్కతూరి తయారైన ప్రతి సరుకుల కొన్ని సీసాలు అల్మారాల దాచిపెడ్తం. యాదమ్మ సీసా మీది నంబరు చూసి, అదే సరుకుది ఒకటి తీసి, ఊపలే. పైన చెంచెడు కొలిచిన. తర్వాత అడుగుది కొలిచిన. పైదానికి చీమల పుట్టంత గీత. అడుగుదానికి కాగితం దాటిపోయే గుట్ట. మందంత అడుగుకు పేరుకున్నది.

పోయి మేనేజరుకు చూపిచ్చిన. కోస్తా ఆయన, మర్యాదస్తుడు. "ఊపకుండా తీస్తే అది పరీక్షే కాదండి సులోచన గారూ. సీసా మీద రాశాం కదా."

"ఇంగ్లీషుల రాసినం సార్. యాదమ్మకు ఎవలు చదివి చెప్పాలె?"

"అది మన పని కాదండి. ఆ కాగితాలు గేటు దాటకూడదు."

దాటినయి. యాదమ్మ మొగని ముంగట పరిచిన. రాళ్లు కొట్టెటోనికి గుట్ట అంటే వేరే చెప్పాల్నా? ఆమె పోసింది, చెంచాల మందే లేదు అన్న. అడుగుది పోసుంటే ఎక్కువై ఏమైతుండెనో, మిగిలింది పారబొయ్యుమన్న. "ఊపాల్నని మాకెవలు చెప్పిండ్రక్కా?" అన్నడు. అది నిజమే. పొల్లను ఊరికి తోలలే. కానీ తప్పైందని పెండ్లానికి ఒక్క మాట, ఊహూ... అనలే.

పొల్ల తల్లికాడనే పెరిగింది. ఇగ నువ్వు... నీ మాట నమ్మెటందుకు ఎవల కాగితం అక్కరపడొద్దు బిడ్డా. సల్లగుండు.

ఆమె చెప్పనిది నాకు తర్వాత తెలిసింది: అప్పట్లో యాదమ్మ మొగుడికి చూపించిన మర్నాడే సులోచన ఆ కాగితాలను మందుల తనిఖీ అధికారికి తన సంతకంతో ఇచ్చి, ఉద్యోగం మానేసింది.