ఖాళీ స్ట్రిప్‌లు

(ఆదివారం, అబిడ్స్ ఫుట్‌పాత్. పాత పుస్తకాల ముందు శ్రావణ్. వెతుక్కుంట వచ్చిన అక్క ఉజ్వల.)

“మూడు సంచులా! ఏందిరా శ్రావణ్ ఇవన్నీ?”

“పుస్తకాలక్కా. ఇంకో సంచి ఉన్నది, జర పట్టుకో.”

“పడుకుంటున్నవా అసలు?”

“నిద్ర ఎవనికి కావాలె? నాంపల్లి స్టేషన్ దాకా నడిచిపోయొచ్చిన. ఎంత హుషారుగున్నదో!”

“నా దిక్కు చూడు. గోలీలు ఏసుకుంటున్నవా?”

“మొన్న ఇంటికొచ్చి స్ట్రిప్‌లు చూసినవ్ గదా? అన్నీ ఖాళీ.”

“చూసిన. అందుకే అడుగుతున్న. ఈ అతి హుషారు బీమారికి డాక్టర్ రాసిన లిథియం రోజూ ఏసుకుంటే నువ్విట్లుండవు.”

“నీ ల్యాబ్‌ల ఆ ప్రొటీన్ ఎట్లున్నది?”

“మాట మార్చకు.”

“నువ్వే చెప్పినవ్ గదా, అన్నం తినుకుంట. కణంల సిగ్నల్ అందించే ప్రొటీన్ అదుపు తప్పుతది, లిథియం దానికి బ్రేక్ ఏస్తదని. ఎంత మంచిగ చెప్పినవ్!”

“గదొక్కటే కాదురా, ఇంకా శానా ఉన్నయ్. మేం ఎలుకలల్ల చూస్తున్నం. మొత్తం ఎవరికీ తెల్వది.”

“ఈ బీమారి వంశంల వస్తదని గూడ చెప్పినవ్.”

“రావచ్చు అన్న. రావచ్చు! పద, ఆటో ఎక్కు, డాక్టర్ దగ్గరికి పోదాం. నాకు భయమైతుంది.”

“నా ఫికర్ చెయ్యకు. నాకు తగ్గింది. బ్రేక్ కావాల్సింది నాకు కాదు.”

“మరెవరికి?”

“బాపు దుకాణంల గిరాకీల మీద ఎట్ల ఒర్లుతడో ఎరుకే గదా. పోయిన నెల కంచం ఇసిరికొట్టిండు. అదే ప్రొటీన్ అక్కా, అదే!”

“ఏం చేసినవ్?”

“మెల్లగ. అందరు చూస్తున్నరు.”

“శ్రావణ్! ఏం చేసినవ్?”

“చాయ్‌ల కలుపుతున్న. పొద్దున, రాత్రి. ఇప్పుడు కిక్కురుమంటలేడు.”

“అయ్యో దేవుడా! బీపీకి మూత్రం ఎక్కువ పోయే గోలీలు ఏసుకుంటడురా ఆయన! ఉప్పు గూడ నేనే బందు చేయించిన! గా ఒంట్ల లిథియం పేరుకపోతది, విషమైతది!”

“విషమేంది? జర చేతులు వణుకుతున్నయ్, గంతే. నిన్న రెండుసార్లు కక్కుకున్నడు.”

“నిన్నా! నాకెందుకు చెప్పలే? మీ ఇద్దర్నే ఇడిచి నేను హాస్టల్‌ల ఉండుడే తప్పైంది... ఫోన్ ఎత్తుతలేడు. ఎత్తు బాపూ, ఎత్తు!”

“చెయ్యకు అక్కా, నిద్ర చెడుతది.”

“ఏం నిద్ర?”

“పొద్దుగాల ఎంత లేపినా లేవలే. ఇన్నేండ్లకు మంచిగ పడుకున్నడు. ఎవరూ లేపొద్దని బయట తాళమేసి వచ్చిన.”